గోడ దాటని డ్రమ్ము

ఇప్పుడు స్టేజీ ఎక్కుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఫోన్లో ట్రాక్ పెట్టుకుని, దానిమీద పాడి, "ఎలా ఉందమ్మా?" అని అడుగుతారు. బాగానే ఉంటుంది. ఎందుకు ఉండదు? ట్రాకుకి దగ్గు రాదు, ఆకలి వేయదు, ఇంట్లో పెళ్ళాంతో గొడవపడి ఆలస్యంగా రాదు. నేను మాత్రం ఒక్కటే అడుగుతాను. "పాట మధ్యలో నీకు ఊపిరి అందకపోతే అది ఆగుతుందా?" ఆగదంటారు. మా డ్రమ్మరు ఆగేవాడర్రా. అందుకే వాడి గురించి చెబుతున్నాను, కాస్త ఓపిగ్గా వినండి.

అనకాపల్లిలో ఆర్కెస్ట్రా సింగరంటే అదీ ఒక ఉద్యోగమేనా అని మా మేనత్త చచ్చేదాకా అడుగుతూనే ఉంది. నెలజీతం లేదు, పింఛను లేదు, నిజమే. కానీ జ్వరమొచ్చినా చీర కట్టుకుని, మొహానికి పౌడరు రాసుకుని వ్యాను ఎక్కాలి కదా? పైవాడు తిడితే పడాలి కదా? ఇంకేం కావాలి ఉద్యోగానికి? రిటైర్‌మెంటు కూడా ఉంది. ఒకరోజు గొంతే చెప్పేసింది, ఇక చాలమ్మా అని. నేను కూడా సరేనన్నాను. దానితో వాదించి గెలిచినవాళ్ళు ఎవరున్నారు?

మా ట్రూపు చిన్నది. కీబోర్డు వాయిస్తూ మగ పాటలు పాడే మాస్టారు, ఆయనే మా యజమాని. ఒక గిటారు. నేను. వెనకాల డ్రమ్స్ మీద మా తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, మాదీ వాళ్ళదీ ఒకే చర్చి. అక్కా అని పిలిచేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. పగలు బస్టాండు దగ్గర పంక్చర్లు వేసేవాడు. గాలి నింపిన లారీ ట్యూబు మీద కర్రలతో సాధన చేసేవాడు. పంక్చరు కోసం వచ్చినవాళ్ళు "బావా, ముందు నా టైరు సూడ్రా" అని మొత్తుకుంటే తప్ప తల ఎత్తేవాడు కాదు.

డ్రమ్మరంటే గట్టిగా కొట్టేవాడని జనం అనుకుంటారు. గట్టిగా కొట్టడానికేముంది, కోపమొస్తే నేనూ కొడతాను. మావాడు నా భుజాలు చూస్తూ వాయించేవాడు. వెనక కూర్చున్నవాడికి నా మొహం కనపడదు కదా. ఊపిరి చాలకపోతే నా భుజాలు పైకి లేస్తాయట. ఆ సంగతి నాకే తెలియదు, వాడే చెప్పాడు. అవి లేచాయంటే ఎక్కడినుంచో ఒక చిన్న దరువు తెచ్చి మధ్యలో వేసేవాడు, నేను తేరుకునేదాకా పాటని ఎత్తిపట్టుకునేవాడు. ఆ ఊపిరి తీసుకుని నేను పైస్థాయి అందుకుంటే జనం ఓహో అని నాకు చప్పట్లు కొట్టేవారు. నేను వంగి దండం పెట్టేదాన్ని. వాడు వెనకాల తల దించుకుని తువ్వాలుతో మెడ తుడుచుకునేవాడు.

వాడి నాన్న బేండు పార్టీలో పెద్ద డ్రమ్ము వాయించేవాడు. బాబాయ్ అనేదాన్ని. ఎర్ర కోటు, ఇత్తడి గుండీలు, కడుపు మీద డ్రమ్ము, అలా ఒక జీవితకాలం ఈ ఊరి వీధుల్లో నడిచాడు. పక్కనే బాకాలు ఊదేవాళ్ళు. ఆ బాకాలే ఆయన కుడి చెవిని తినేశాయి. ఎడమ చెవిలో మిగిలిందల్లా పెద్ద పెద్ద చప్పుళ్ళే. రైలు కూత, ఉరుము, లారీ హారను, అంతే. అది కూడా ఎక్కువ కాలం ఉండదని విశాఖపట్నం డాక్టరు చెప్పేశాడు.

అయినా నోరు మాత్రం తగ్గలేదు. కొడుకు కుర్చీలో కూర్చుని వాయిస్తాడని ఆయనకి పెద్ద చిన్నతనం. "కూకుని వాయించేదీ ఒక వాయింపేనేటే అమ్మా? మేవు మోసుకుంటా నడిసేవోళ్ళం. ఈడు సూడు, గుమస్తాలాగ కూకుంటాడు" అని చర్చి బయట అందరి ముందూ అరిచేవాడు. చెవిటివాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, వీధి వీధంతా వినేది. మా తమ్ముడు నవ్వేసి ఊరుకునేవాడు. కానీ వాడి మనసులో ఏముందో నాకు తెలుసు. ఆ నాన్న వాడి డ్రమ్సు ఒక్కసారి కూడా వినలేదు. సెట్టు మాస్టారిది, మాస్టారి గోడౌనులోనే ఉండేది. ప్రోగ్రాములు చూస్తే నర్సీపట్నం వైపు, యలమంచిలి వైపు, ఏవో దూరపు ఊళ్ళలో. చర్చిలో వాడు వాయించేది తబలా. అది ఆయనకి వినపడే రోజులు ఎప్పుడో వెళ్ళిపోయాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఊరి క్లబ్బు వార్షికోత్సవానికి మమ్మల్ని పిలిచారు. మీకు ఇది పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు. బెల్లం వర్తకులు, డాక్టర్లు, ప్లీడర్లు ఉండే క్లబ్బు అది. ఏటా విశాఖపట్నం నుంచే ఆర్కెస్ట్రాను తెప్పించుకునేవారు. ఊళ్ళో ఉన్న మేము వాళ్ళ కంటికి ఆనలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, ఆ బాపతు. బాబాయి సంగతి మరీను. ఆ క్లబ్బు మెంబర్ల ఇళ్ళల్లో ఎన్ని పెళ్ళిళ్ళకి వాయించాడో లెక్కలేదు. ఊరేగింపు క్లబ్బు గేటు దాకా వచ్చేది, పెళ్ళివారు లోపలికి వెళ్ళిపోయేవారు, బేండు గేటు బయట ఆగిపోయేది.

కబురు తెలిసిన సాయంత్రం మా తమ్ముడు చేతుల గ్రీజు కూడా తుడుచుకోకుండా మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, నాన్నని ముందు కుర్సీలో కూకోబెడతాను. సెక్రెటరీగారినడిగేను, సరేనన్నారు. ఆకర్న సోలో ఒకటి వాయించుకోమని మాస్టారు కూడా ఒప్పుకున్నారు. ఆ సెవి పోయేలోపల నా డ్రమ్ము ఆయన ఒక్కసారి ఇనాలక్కా. ఇంటే సాలు, నాకింకేటీ వద్దు."

నేను ఏదో హాస్యమాడబోయి, వాడి కళ్ళు చూసి మానుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నమే సామానుతో క్లబ్బుకి వెళ్ళాం. పచ్చిక మీద షామియానా, చివర స్టేజీ, స్టేజీ వెనక ప్రహరీ గోడ, గోడ అవతల సందు. మాస్టారు పెద్ద స్పీకర్లు దింపిస్తున్నారు. మా తమ్ముడు డ్రమ్ములు బిగించి ఒక్కొక్కదాన్నీ చెవి పెట్టి చూసుకుంటున్నాడు. పెళ్ళిపందిట్లో పెళ్ళికూతురు తండ్రిలాగ ఒకటే హడావిడి. ఇంతలో సెక్రెటరీగారు గబగబా వచ్చారు. ఆయన మొహం మాడి ఉంది.

"మాస్టారూ, ఆగండాగండి. గోడవతల ఇంట్లో పెద్దావిడ పోయేరంట, ఇప్పుడే తెలిసింది. కూతురు హైదరాబాదు నుంచి రైల్లో రావాలి, పొద్దున్న గాని లేపరు. ఏం చేత్తాం, మన ఖర్మ."

మా వైపు పద్ధతి మీకు తెలిసిందే. వీధిలో శవం ఉండగా మేళం మోగకూడదు. పెళ్ళి ఊరేగింపైనా సరే ఆ వీధి మొదట్లోనే వాయింపు ఆపేసి, తల వంచుకుని దాటి, అవతల మళ్ళీ మొదలుపెట్టాలి. దీన్ని ఎవరూ కాదనరు. మేమూ అనలేదు.

"భోజనాలు పెట్టి అందరినీ పంపించేత్తాం. మీరు సామాను సర్దుకోండి. వచ్చే ఏడు చూద్దాంలెండి" అన్నారాయన. ఆ 'చూద్దాంలెండి' అన్న మాటకి అర్థం నాకు బాగా తెలుసు. వచ్చే ఏడు మళ్ళీ విశాఖపట్నమే. మాస్టారు స్పీకరు వైర్లు చుట్టడం మొదలుపెట్టారు. నాకు ముక్కు మీద కోపం. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకోకూడదు కాబట్టి గిటారు కుర్రాడి మీద తెచ్చుకున్నాను, పాపం.

మా తమ్ముడు మాత్రం లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. దాని ఎత్తు చూశాడు. తిరిగొచ్చి స్టేజీని చూశాడు. తర్వాత సెక్రెటరీగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, స్టేజీ ఇక్కడ ఒద్దండి. గేటు కాడ వరండాలో పెట్టుకుంటాం. పెద్ద స్పీకర్లు పెట్టం. గోడ దాటకుండా వాయిత్తాను. దాటిందంటే అప్పుడే ఆపీమనండి, ఆపేత్తాను."

"డ్రమ్ము వాయించి వినపడకుండా ఎలాగయ్యా? నీళ్ళలో దిగుతాను గాని తడవనన్నట్టుంది!"

"మీ వాచ్‌మేన్ని గోడవతల సందులో నిలబెట్టండి. ఆడికి ఇనపడితే మావు సర్దుకెల్లిపోతాం."

సెక్రెటరీగారు మా మాస్టారి వైపు చూశారు. మాస్టారు నా వైపు చూశారు. నేనెవరి వైపు చూడను? "వాయిస్తాడండీ" అన్నాను. ఎలా వాయిస్తాడో నాకూ తెలియదు.

తర్వాత వాడు చేసిన పనులు చూస్తే నవ్వొచ్చింది, కాసేపటికి నవ్వు ఆగిపోయింది. వ్యానులో సామాను కింద పరిచే దుప్పటి తెచ్చి పెద్ద డ్రమ్ము పొట్టలో కుక్కాడు. మిగతావాటి మీద తువ్వాళ్ళు కప్పాడు. చిన్న డ్రమ్ము అడుగున గలగలమనే తీగలుంటాయి, వాటిని వదులు చేసి కిందికి దించేశాడు. కర్రలు పక్కన పెట్టేసి క్లబ్బు ఊడ్చే ఆమె దగ్గర కొత్త కొబ్బరీనెల చీపురు అడిగి తెచ్చాడు. ఈనెలు ఒక పిడికెడు తీసి, సైకిలు ట్యూబు రబ్బరు కోసి, రెండు కట్టలు కట్టాడు.

సెక్రెటరీగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "చీపురేటయ్యా స్టేజీ మీద? పైగా వార్షికోత్సవం నాడు?"

"ఊడవనిది లెండి. కొత్తదే" అన్నాడు మావాడు, చాలా మర్యాదగా.

చీకటి పడుతుండగా బాబాయి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన తల. గేటు దగ్గర అలవాటు కొద్దీ ఆగిపోయాడు. మా తమ్ముడు ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, ముందు వరసలో వరండాకి ఎదురుగా కూర్చోబెట్టాడు. ఎడమ చెవి డ్రమ్సు వైపుండేలా కుర్చీ కాస్త తిప్పాడు కూడా.

"తమ్ముడూ, మరి బాబాయికి?" అన్నాను మెల్లగా.

"తెల్సక్కా. ఇలాగ వాయించనంటే పోగ్రామే లేదు కదా. ముందు అది నిలబడనీ" అన్నాడు.

కనీసం సంగతేమిటో ఆయనకి చెబుదామంటే అదీ వీలు కాలేదు. ఆయనకి చెప్పాలంటే అరవాలి. అరవకూడదనే కదా ఇంత తతంగం! రాసి చూపిద్దామంటే ఆయనకి చదువు రాదు. వాడు గోడ వైపు చూపించి, రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసి ఏదో సైగ చేశాడు. ముందు ప్రార్థన చేసుకుని మొదలుపెడతాడని అనుకున్నాడు కాబోలు బాబాయి, తనూ కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాడు.

వాచ్‌మేన్ సందులోకి వెళ్ళాడు. మేం మొదలుపెట్టాం.

పిల్లలూ, నేను చాలా స్టేజీల మీద పాడాను. జాతరల్లో, గోల మధ్య, వర్షంలో పాడాను. ఆ సాయంత్రం పాడినంత భయపడుతూ ఎప్పుడూ పాడలేదు. గట్టిగా పాడితే తప్పులు కొట్టుకుపోతాయి. మెల్లగా పాడేటప్పుడు గొంతులో చిన్న పుల్ల అడ్డుపడినా తెలిసిపోతుంది. నా వెనక ఆ ఈనెల కట్టలు తువ్వాళ్ళ మీద కదులుతున్నాయి. కంది చెట్ల మధ్య నుంచి గాలి వచ్చినట్టు చిన్న సవ్వడి. కానీ తాళం? తాళం రాయిలాగ నిలబడి ఉంది. మెల్లగా వాయించమంటే ఎవడైనా నిదానమైపోతాడు, పాట జావకారిపోతుంది. వాడి వేగం ఒక్క వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. పరుగు పాటని కూడా మునివేళ్ళ మీద పరిగెత్తించాడు.

మొదట్లో జనం ఎప్పటిలాగే టిఫిను ప్లేట్లు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. రెండో పాటకి ముందు వాళ్ళు వెనకవాళ్ళని ఉష్ అన్నారు. మూడో పాటకి కుర్చీలు ఎత్తి, ఈడ్చకుండా ఎత్తి, దగ్గరికి జరిపి వేసుకున్నారు. పేకాట గదిలోంచి కూడా వచ్చేశారండీ మనుషులు! పేక వదిలి వచ్చారంటే అనకాపల్లి వాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. చిన్న పిల్లలు వరండా మెట్ల మీద కూర్చుని వాడి చేతులు చూస్తున్నారు. సగం కార్యక్రమం అయ్యేసరికి వాచ్‌మేన్ తల గోక్కుంటూ గేట్లోంచి లోపలికొచ్చాడు.

"ఏటండీ, ఇంకా మొదలెట్లేదేటి?" అన్నాడు.

సెక్రెటరీగారు నోటికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వారు. నా మనసు గాల్లో తేలింది. తిరిగి మా తమ్ముడి వైపు చూశాను. వాడు నవ్వడం లేదు. నాన్న వైపు చూస్తున్నాడు.

బాబాయి ఎడమ చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. కళ్ళు కొడుకు చేతుల మీదే. గట్టిగా, ఇంకా గట్టిగా అని చెయ్యి ఊపుతున్నాడు. కొడుకు తల అడ్డంగా ఊపాడు. ఆయనకి అర్థం కాలేదు. పక్కనున్నవాళ్ళ మొహాలు చూశాడు. అందరూ తలలూపుతున్నారు, వేళ్ళతో తాళం వేస్తున్నారు, అందరికీ వినపడుతోంది.

అప్పుడే మాస్టారు సోలోకి సైగ చేశారు. కీబోర్డు ఆగింది, గిటారు ఆగింది, నేను మైకు దించాను. మా తమ్ముడు ఈనెల కట్టలు కూడా పక్కన పెట్టేసి ఉత్త వేళ్ళతో మొదలుపెట్టాడు. వేళ్ళు, గోళ్ళు, అరచేతి మడమ. ఆ డ్రమ్ములు మాట్లాడుకుంటున్నట్టుగా ఉంది. ఒకటి అడుగుతోంది, ఒకటి జవాబు చెబుతోంది, ఒకటి మధ్యలో దూరి వెక్కిరిస్తోంది. ఇన్నేళ్ళు పక్కన పాడినదాన్ని, వాడి చేతుల్లో ఇంత ఉందని నాకే తెలియదు. ఆ జనంలో ఒక్కరూ దగ్గలేదు.

సరిగ్గా అప్పుడు బాబాయి చెవి మీంచి చెయ్యి తీసేశాడు. కాసేపు ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచాడు. కుర్చీల మధ్య నుంచి, ఎవరి కాళ్ళూ తొక్కకుండా, గేటు దాటి వెళ్ళిపోయాడు.

మా తమ్ముడు చూశాడు. నేను వాడిని చూశాను. వాడి కుడిపక్కన స్టూలు మీద కర్రలు రెండూ ఉన్నాయి. ఒక్క దెబ్బ కొడితే చాలు. ఒక్కటంటే ఒక్కటి. ఆయన గేటు దగ్గరే వెనక్కి తిరుగుతాడు. అందుకుంటాడేమోనని నా భయం. అందుకోకపోతే ఎలాగా అని కూడా. వాడి కళ్ళలోంచి నీళ్ళు కారి చొక్కా మీద పడుతున్నాయి. వేళ్ళు మాత్రం ఆగలేదు, గతి తప్పలేదు. చెప్పిన మాట ప్రకారం గోడ ఇవతలే వాయించి, గోడ ఇవతలే ముగించాడు.

చప్పట్లు కొట్టకూడదు కదా. ముందు వరసలో ఒక ముసలి ప్లీడరుగారు లేచి నిలబడ్డారు. ఆయన్ని చూసి పక్కాయన లేచాడు. అలా క్లబ్బు మొత్తం చేతులు కట్టుకుని, ఒక్క మాట లేకుండా లేచి నిలబడింది. నాకు జీవితంలో వచ్చిన చప్పట్లన్నీ తెచ్చి ఒక కుప్ప పోసినా ఆ నిలబడడానికి సరితూగవు. ఆ సంగతి చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

జనం భోజనాలకి వెళ్ళారు. వాడు డ్రమ్ము పొట్టలోంచి దుప్పటి లాగుతున్నాడు. నేనేదో ఓదార్చబోతే, "ఒగ్గీ అక్కా. ఆయనకి కోపమొచ్చింది. రావాలి మరి. పిలిసి కుర్సీలో కూకోబెట్టి ఉత్త సేతులు సూపించేను" అన్నాడు.

అంతలో గేటులోంచి బాబాయి వచ్చాడు. ఒక్కడే కాదు, తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దమనిషి వెంట ఉన్నాడు. గోడ అవతల ఇంటాయన, పోయినావిడ కొడుకు. సెక్రెటరీగారు తింటున్న ప్లేటు వదిలి పరిగెత్తారు.

"అయ్యో, మీరు రావడమేంటండీ? మా వల్ల ఏమైనా ఇబ్బంది..."

"ఇబ్బందేటండీ! మిమ్మల్నెవరాపమన్నారు?" అన్నాడాయన. గొంతు బొంగురుపోయి ఉంది. "మా యమ్మ నాల్రోజుల్నుంచీ మంచం కిటికీ కాడికి జరిపించుకుందండి. క్లబ్బులో పాటలున్నాయి, ఈసారి మనూరోళ్ళే పాడతన్నారంటని. ఏటా ఇంటాదండి ఆవిడ, ఆ కిటికీ కాణ్ణుంచే. పొద్దున్న జావ తాగమంటే పాటలయ్యేక తాగుతాన్లే అంది. మద్దేన్నానికి పోయింది. సాయంత్రం ఏటీ ఇనపడకపోతే మానీసేరనుకున్నాం. ఈయనొచ్చి సెప్పేడు, మీరు గోడ దాటకుండా పాడతన్నారని."

సెక్రెటరీగారు ఎంగిలిచెయ్యి వెనక్కి దాచుకున్నారు.

"ఒక్కలైనా వచ్చి అడిగుంటే సెప్పేవోళ్ళం కదండీ" అన్నాడాయన. అంతే, నిష్ఠూరం కూడా కాదు.

అంతమందిమి ఉన్నాం. డాక్టర్లు, ప్లీడర్లు, వర్తకులు, మేమూ. గోడ ఎత్తు చూశాం, స్పీకర్లు మానేశాం, దుప్పట్లు కుక్కాం, కాపలా పెట్టాం. అవతలికి వెళ్ళి ఒక్క మాట అడగాలని ఒక్కరికీ తట్టలేదు. చావింటికి వెళ్ళి పాటల సంగతి ఎలా అడుగుతామని మొహమాటం. మన మర్యాదలు ఇలాగే ఉంటాయి పిల్లలూ, ఎవరి కోసం చేస్తున్నామో వాళ్ళని తప్ప అందరినీ సంప్రదిస్తాం.

బాబాయి మాత్రం కొడుకు ముందు నిలబడి, ఇక అరిస్తే తప్పులేదని తెలిశాక, తన మామూలు గొంతుతో అందుకున్నాడు.

"అందరూ ఇంటన్నారు, నాకొక్కడికే ఇనపడ్లేదురా! సెవి పోయిందనుకున్నాను. ఇప్పుడే, ఇక్కడే, నీ ముందే పోయిందనుకున్నాను. ఏడుపొచ్చి బయటికెల్లిపోయేను. గేటు కాడ నిలబడ్డాను. టేసన్లో రైలు కూసింది. ఇనపడ్డాది! ఓర్నీ, సెవి ఉందిరా! మరీడేటి సేత్తన్నాడ్రా లోపల అని వాచ్‌మేన్ని పట్టుకు అడిగితే ఆడు గోడ సూపించి, నోటి మీద ఏలెట్టి, సందులోకి సూపించేడు. ఎల్లి సూత్తే ఈ యమ్మ."

ఆయన గొంతు ఒక్కసారి తగ్గింది.

"ఈ గేటు కాడ మావు ఎండలో నిలబడితే, మంచినీల్లు సెంబుతో తెచ్చి పోసేది ఈ యమ్మేరా. రేపు పొద్దున్న సైడు డ్రమ్ము తగిలించుకురా. మనవే సాగనంపుతాం."

తలగుడ్డాయన మా తమ్ముడి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "గట్టిగా వాయించు బాబూ. ఆవిడికి ఇనపడాల" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నేనూ వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు. ఆడవాళ్ళు వీధి చివర దాకే అన్నారు, సరే, అక్కడిదాకానే అని వెళ్ళి కూడలి దగ్గర నిలబడ్డాను. హైదరాబాదు కూతురు వచ్చేసింది. పాత బేండు పార్టీలో మిగిలిన ముసలివాళ్ళు, కోట్లు బిగువైపోయి గుండీలు పెట్టుకోలేనివాళ్ళు, బాకాలు తుడుచుకుంటున్నారు. పూలు కట్టిన పాడె లేచింది. మా తమ్ముడు మెడలో సైడు డ్రమ్ము వేసుకుని ముందు నిలబడ్డాడు. డ్రమ్ము వేలాడే తీరు చూసి బాబాయి దాని బెల్టు సరిచేశాడు.

మొదటి దెబ్బకి క్లబ్బు గోడ మీది కాకులన్నీ లేచిపోయాయి. ముందు రోజు ఆ చేతుల్లో దాచుకున్నదంతా వీధిలో పోశాడు. ముసలి బాకాలు వాడిని అందుకోలేక రొప్పాయి. కొట్లు తెరుస్తున్నవాళ్ళు తలుపులు సగంలో వదిలి చూశారు. క్లబ్బు గేటు దగ్గర సెక్రెటరీగారు చెప్పులు విప్పి నిలబడి ఉన్నారు. ఏడుస్తూ వస్తున్న కూతురు కూడా తలెత్తి డ్రమ్ము వైపు చూసింది. ఇది నా తమ్ముడు, నా వెనక కూర్చుని నాకు ఊపిరి అప్పిచ్చినవాడు అని అందరికీ చెప్పాలనిపించింది.

బాబాయి వాడికి కుడిపక్కన, తన ఎడమ చెవి డ్రమ్ముకి ఆనేంత దగ్గరగా నడుస్తున్నాడు. కూడలి దగ్గర నా ముందుకి వచ్చేసరికి ఆయన మొహం చూశాను. నోరు తెరుచుకుని ఉంది, కళ్ళు చిన్నపిల్లాడివైపోయాయి. ఉన్నట్టుండి ఆగి, ఎడమ చెవి గట్టిగా మూసుకుని, బాకాలన్నింటినీ మించి అరిచాడు.

"మెల్లగా కొట్రా గుంటడా! సెవి పగిలిపోతన్నాది!"

మా తమ్ముడు నాన్న వైపు చూశాడు. ఇంకా గట్టిగా కొట్టాడు.